మూషకం వెంట మనస్సు

న్యాయవైశేషిక దర్శనాలు మనస్సును అణుపరిమాణంగా నిరూపించాయి. ఇంద్రియాలు ఐదూ ఒకేసారి తమ తమ విషయాలతో సన్నికర్షం పొందినా, జ్ఞానాలు ఐదూ ఒకే క్షణంలో పుట్టవు. మనస్సు ఏ ఇంద్రియంతో కూడితే ఆ జ్ఞానమే ఆ క్షణంలో కలుగుతుంది. జ్ఞానాలు ఇట్లా ఒకదాని తరువాత ఒకటిగా రావడమే మనస్సు ఉన్నదనడానికి గుర్తు అని గౌతమ మహర్షి నిర్ణయం. హరికథ వింటూ 'చెప్పులు ఎక్కడ విడిచాను' అని తలచుకున్నవాడికి ఆ కాసేపటి కథ వినబడదు. చెవి తెరిచే ఉన్నది. మనస్సు గుడి బయట ఉన్నది.

ఈ సిద్ధాంతాన్ని ప్రత్యక్షంగా చూపే ఉపకరణం ఈ కాలంలో ప్రతి కార్యాలయంలోనూ బల్ల మీద కూర్చుని ఉన్నది. కంప్యూటర్ తెర మీద ఎన్ని విండోలైనా తెరుచుకోవచ్చు. వాటిని గవాక్షాలనడం ఉచితమే. ఒక గవాక్షంలో పంచాంగం, మరొక దానిలో జమాఖర్చుల పట్టిక, వేరొక దానిలో సహస్రనామ పాఠం. అన్నీ ఏకకాలంలో కంటికి కనబడుతూనే ఉంటాయి. కాని కీబోర్డు మీద నొక్కిన అక్షరం వాటిలో ఒక్కదానికే చేరుతుంది. ఆ క్షణంలో వినే గవాక్షం ఒక్కటే; తక్కినవన్నీ చిత్రపటాలతో సమానం. ఆ వినే స్థితిని కంప్యూటర్ పరిభాషలో ఫోకస్ అంటారు. అష్టావధానాలు చూసిన తెలుగువారికి దీనికి వేరే మాట వెతకనక్కరలేదు. అది అవధానం.

ఇక్కడ సాధకుడు గమనించవలసిన విశేషం ఒకటి ఉన్నది. అక్షరం చేరేది కన్ను చూసే చోటికి కాదు, అవధానం ఉన్న చోటికి. చూపు ఒక గవాక్షం మీద ఉండి అవధానం మరొక గవాక్షంలో ఉంటే, వ్రాసినదంతా తలచని చోటికి పోతుంది. అందువల్ల ఆ యంత్రాన్ని నిర్మించినవారికి ఒక ప్రశ్న తప్పలేదు. అవధానాన్ని ఒక గవాక్షం నుంచి మరొక గవాక్షానికి మార్చే అధికారం దేనికి ఉండాలి?

దీనికి రెండు సమాధానాలు వచ్చాయి. మౌస్ బాణపు గుర్తును ఒక గవాక్షం మీదికి తీసుకువెళ్లి, బుద్ధిపూర్వకంగా నొక్కితేనే అవధానం మారాలన్నది మొదటి పక్షం. బాణపు గుర్తు ఏ గవాక్షం మీద ఉంటే, నొక్కకుండానే అవధానం దానిదే కావాలన్నది రెండవ పక్షం. మొదటిదానిలో చలనం వేరు, నిశ్చయం వేరు. రెండవదానిలో చలనమే నిశ్చయం.

ఈ మౌస్ చరిత్ర పెద్దది కాదు. డగ్లస్ ఎంగెల్‌బర్ట్ 1968 డిసెంబర్ 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో దీనిని సభాముఖంగా ప్రదర్శించారు. 1984లో ఎం.ఐ.టి.లో ఎక్స్ విండో వ్యవస్థ రూపుదిద్దుకున్నది. దాని తొలినాళ్లలో బాణపు గుర్తు వెంట అవధానం పోవడమే పరిపాటి. అదే 1984లో వచ్చిన ఆపిల్ మాకింటోష్, ఆ తరువాత విండోస్, నొక్కితేనే అవధానం మారే పద్ధతిని లోకానికి అలవాటు చేశాయి. లైనక్స్ ఆధారంగా నడిచే గ్నోమ్, కేడీఈ వంటి వ్యవస్థలు మాత్రం రెండు పద్ధతులనూ ఉంచి, ఎంపికను వాడేవారికే వదిలాయి.

మూషక శబ్దానికి మూలం ముష్ ధాతువు; దాని అర్థం దొంగిలించడం. ధాన్యపు కొట్టులో ఎలుక చేసే పని అదే కనుక ఆ పేరు వచ్చింది. ఆశ్చర్యమేమంటే, తలవని తలంపుగా ఒక గవాక్షం ముందుకు దూకి అవధానాన్ని లాక్కోవడాన్ని కంప్యూటర్ శాస్త్రజ్ఞులు కూడా ఫోకస్‌ను దొంగిలించడమనే పిలుస్తారు. ఆ దొంగతనాన్ని అరికట్టడానికి కేడీఈలో ఒక అమరిక ఉన్నది. అసలు నిరోధం లేకపోవడం మొదలుకొని అల్పం, మధ్యమం, అధికం, అత్యధికం అని దానికి ఐదు మెట్లు. యోగసూత్రాలలో పతంజలి సాధన తీవ్రతను మృదువు, మధ్యము, అధిమాత్రము అని విభజించిన తీరు ఇక్కడ స్ఫురించక మానదు. విఘ్నేశ్వరుడు మూషకాన్ని చంపలేదు, తరమలేదు. దాని మీద కూర్చున్నాడు. చలించేదాని మీద బుద్ధి అధిష్ఠించి ఉంటే అది వాహనం, లేకుంటే అది దొంగ.

ఇక మెనూ పట్టీ సంగతి. భద్రపరచడం, ముద్రించడం, సరిదిద్దడం వంటి ఆజ్ఞల వరుసను మెనూ బార్ అంటారు. దీని స్థానం విషయంలోనూ రెండు సంప్రదాయాలున్నాయి. విండోస్ పద్ధతిలో ఏ గవాక్షం పట్టీ ఆ గవాక్షానికే, దాని నెత్తి మీదే ఉంటుంది. మాకింటోష్ పద్ధతిలో తెర మొత్తానికి పై అంచున ఒకే పట్టీ ఉంటుంది. ఏ గవాక్షానికి అవధానం ఉన్నదో దాని ఆజ్ఞలే అక్కడ కనబడతాయి. ఒకే సింహాసనం, ఎవరి వంతు వస్తే వారు కూర్చుంటారు. దీనికి సమర్థన కూడా ఉన్నది. లక్ష్యం ఎంత దూరం, ఎంత పరిమాణం అన్నదాన్ని బట్టి దానిని చేరే కాలం నిర్ణయమవుతుందని పాల్ ఫిట్స్ 1954లో సూత్రీకరించారు. తెర అంచు దాటి బాణం పోలేదు కనుక, అంచున ఉన్న పట్టీని గురి తప్పడం కష్టం.

ఈ ఒకే పట్టీ పద్ధతి, బాణపు గుర్తు వెంట అవధానం పోయే పద్ధతి విడివిడిగా నిర్దోషాలే. రెండూ ఒకే తెర మీద కలిసినప్పుడు చిక్కు వస్తుంది. 2011 ఏప్రిల్‌లో ఉబుంటు లైనక్స్ తన యూనిటీ రూపాన్ని ముఖ్యరూపంగా చేసుకొని, మెనూ పట్టీని తెర పైభాగానికి తీసుకువెళ్లింది. బాణం వెంటే అవధానం పోయే అమరికను ఎంచుకున్నవారికి అప్పుడొక విచిత్రమైన బాధ ఎదురైంది. కింద ఉన్న గవాక్షంలో పని ముగించి, పై పట్టీలోని ఆజ్ఞ కోసం బాణాన్ని పైకి నడిపిస్తే, దారిలో మరొక గవాక్షం అడ్డు వస్తుంది. బాణం దానిని దాటే క్షణంలో అవధానం దానికి చిక్కుతుంది. పట్టీ చేరేసరికి అక్కడ కనబడే ఆజ్ఞలు తనవి కావు, దారిన తగిలినవాడివి. 2014లో ఉబుంటు పట్టీని తిరిగి ఆయా గవాక్షాలలోనే ఉంచుకొనే వెసులుబాటు ఇచ్చింది. 2017 అక్టోబర్‌లో యూనిటీని ముఖ్యస్థానం నుంచి తొలగించి గ్నోమ్‌కు మారింది.

ఇది యంత్రాల వారి గొడవ, ఆస్తికులకు దీనితో పని ఏమిటని అనిపించవచ్చు. పని ఎట్లా పడుతుందో మహబూబాబాదు జిల్లాలోని ఒక పల్లె శివాలయంలో తెలిసివచ్చింది.

2016 అక్టోబర్ 11న ఉమ్మడి వరంగల్లు విడివడి జనగామ, మహబూబాబాదు, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు ఏర్పడినాక, ఊరూరా కాగితపు పనులు కంప్యూటర్ మీదికి మారుతూ వచ్చాయి. ఆ శివాలయానికి కూడా జనగామలో చదువుకున్న ఒక యువకుడు తన పాత కంప్యూటర్‌ను సమర్పించాడు. అందులో ఉన్నది యూనిటీ రూపపు ఉబుంటు. బాణం వెంట అవధానం పోయే అమరికను అతడు తన సౌకర్యం కోసం పెట్టుకున్నాడు. ఇచ్చేటప్పుడు మార్చడం తోచలేదు. ఆలయ అర్చకుడు అరవై దాటినవాడు. భక్తులు చీటీల మీద వ్రాసి ఇచ్చిన గోత్రనామాలను ఒక పట్టికలో ఎక్కించి, ముద్రించి, అభిషేక సమయంలో చదవడం ఆయన నేర్చుకున్నాడు. పక్కన తిథి నక్షత్రాల కోసం పంచాంగపు గవాక్షం తెరిచి ఉంచేవాడు.

మొదట కొన్నాళ్లు ఒక వింత జరిగేది. గోత్రనామాల పట్టికను ముద్రించబోతే పంచాంగం పుట వచ్చేది. పట్టిక కింద, పంచాంగం పైన ఉండడం వల్ల, బాణం పై పట్టీకి పోతూ పంచాంగాన్ని దాటేది. ముద్రించే ఆజ్ఞ పంచాంగానికి చెందేది. యంత్రం పాతబడిందని ఆయన సరిపెట్టుకున్నాడు.

ఒక కార్తిక సోమవారం నాడు భూపాలపల్లి నుంచి వృద్ధ దంపతులు వచ్చారు. ఆయన బొగ్గుగనిలో పని చేసి విరమించినవాడు. మనవరాలికి ఆ వారంలో శస్త్రచికిత్స ఉన్నది. ఆ పిల్ల పేరున అభిషేకం చేయించాలని ముందునాడే చీటీ పంపించారు. మంటపంలో స్తంభానికి ఆనుకొని నిలబడి, వరుసగా వస్తున్న పేర్లు వింటున్నారు. పట్టికలోని పేర్లన్నీ అయిపోయాయి. నీరాజనం కూడా అయిన తరువాత ఆ తల్లి దగ్గరికి వచ్చి, "అయ్యగారూ, మా పిల్ల పేరు రాలే" అన్నది. ఆ గొంతులో నిష్ఠూరం లేదు, భయం ఉన్నది.

అర్చకుడు చీటీల కట్ట విప్పి చూశాడు. చీటీలో పేరున్నది, ముద్రిత పట్టికలో లేదు. ఆయన చూపు చీటీ మీద పెట్టి, వేళ్లతో అక్షరాలు నొక్కుతాడు. ఆ సమయంలో చిట్టాపుస్తకం అంచు మౌస్‌కు తగిలి, బాణం పంచాంగం మీదికి జరిగింది. అవధానం దాని వెంట పోయింది. పంచాంగపు పుట అక్షరాలు పుచ్చుకొనేది కాదు కనుక, ఆ పిల్ల గోత్రం, నక్షత్రం, పేరు ఎక్కడా నిలవకుండా పోయాయి. మళ్లీ ఏదో కదలికకు బాణం పట్టిక మీదికి వచ్చింది; తరువాతి పేరు యథాప్రకారం ఎక్కింది. మధ్యలో ఖాళీ గడి కూడా మిగలలేదు కనుక లోపం కంటబడలేదు.

ఆయన కారణాలు చెప్పలేదు. "కూర్చో అమ్మా" అని, మళ్లీ కాళ్లు కడుక్కొని, ఆచమన ప్రాణాయామాల నుంచి మొదలుపెట్టి, ఆ ఒక్క పేరున సంకల్పం చెప్పి అభిషేకం చేశాడు. పేరు వినబడినప్పుడు ఆ తల్లి రెండు చేతులూ తల మీదికెత్తింది. ఆ సాయంకాలం కబురందుకొని యువకుడు వచ్చి, అమరికను నొక్కితేనే మారే పద్ధతికి మార్చాడు. "ఇన్నాళ్లూ ఇది ఎలుక చెప్పినట్టు విన్నది అయ్యగారూ, ఇక మీరు చెప్పినట్టు వింటుంది" అన్నాడు.

ఈ మాటలో సంకల్ప శాస్త్రమంతా ఉన్నది. ఏ కర్మకైనా సంకల్పం ఎందుకు ముందు చెబుతారు? జలం, పత్రం, మంత్రం సిద్ధంగా ఉన్నా, ఈ కర్మ ఎవరిది, ఎక్కడ, ఎప్పుడు, దేనికోసం అన్నది నిశ్చయం కానంత వరకు అది చలనమే, కర్మ కాదు. సంకల్పంలో దేశాన్ని జంబూద్వీపం మొదలుకొని కృష్ణా గోదావరుల నడుమ తాను నిలిచిన చోటి వరకు కుదిస్తారు. కాలాన్ని కల్ప మన్వంతరాల నుంచి నేటి తిథి వరకు దించుతారు. కర్తను గోత్రంతో, పేరుతో నిర్దేశిస్తారు. విశ్వమంత తెర మీద ఒక్క గవాక్షాన్ని, అందులో ఒక్క గడిని చూపి 'ఇక్కడ' అని నొక్కడమే అది. ఆ నొక్కు లేనప్పుడు పూజ కూడా చేయి తగిలినవాడి ఖాతాలోకి పోగలదు. నోరు సహస్రనామం చదువుతూ ఉంటే మనస్సు పొలం తగాదాలో ఉన్నవాడి అక్షరాలు ఎక్కడికి చేరుతున్నాయో ఆలోచించదగినది.

అట్లని చలనాన్ని అనుసరించే పద్ధతి అజ్ఞానుల కోసం పుట్టినది కాదు. దానిని కోరుకొనేది ఎక్కువగా ఆరితేరినవారే. కింద ఉన్న గవాక్షాన్ని పైకి లాగకుండానే అందులో వ్రాయవచ్చు. ప్రతిసారీ నొక్కే శ్రమ ఉండదు. అయితే ఆ వ్యవస్థలను కట్టినవారు దానిని నిరంకుశంగా వదలలేదు. గ్నోమ్‌లో బాణం కదులుతున్నంత సేపు అవధానాన్ని మార్చకుండా, అది ఒకచోట ఆగిన తరువాతే మార్చే ఏర్పాటు ఉన్నది. గవాక్షాన్ని తనంతట పైకి తెచ్చే అమరికకు సహజంగా 500 మిల్లీసెకన్లు, అంటే అర సెకను, విరామం పెట్టారు. దారిన తగిలినది వేరు, చేరి నిలిచినది వేరు అన్న వివేకం ఆ అర సెకనులో ఉన్నది. సంకల్పానికి ముందు ప్రాణాయామం పెట్టిన ఋషుల దృష్టి కూడా ఇదే. పరుగెత్తుతున్న మనస్సుతో 'ఇక్కడ' అని చెప్పరాదు; ముందు నిలవాలి, తరువాత చెప్పాలి.

మరొక సూక్ష్మం ఉన్నది. బాణం ఏ గవాక్షం మీదా లేకుండా ఖాళీ తెర మీదికి పోతే ఏమి కావాలి? గ్నోమ్‌లోని ఒక అమరికలో అవధానం ఎవరికీ లేకుండా పోతుంది. మరొక అమరికలో, కొత్త గవాక్షం తగిలేంత వరకు పాతదే అవధానాన్ని నిలుపుకుంటుంది. ఈ రెండవదానికి స్లాపీ, అంటే శిథిలం అని పేరు. విషయాలు దూరమైనా సంస్కారం వాటినే పట్టుకొని ఉండడానికి ఇది సరిగ్గా సరిపోయే దృష్టాంతం. కళ్లు మూసుకొని ధ్యానానికి కూర్చున్నవాడి ఎదుట అంతకుముందు విడిచివచ్చిన వ్యవహారమే నిలుస్తుంది. ఇంద్రియం ఖాళీ తెర మీద ఉన్నది. మనస్సు మాత్రం పాత గవాక్షాన్ని వదలలేదు. అందుకే నామమనే కొత్త గవాక్షాన్ని చూపమన్నారు పెద్దలు. ఊరకే ఖాళీ చేయమంటే మనస్సు వినదు.

అవధానికి ఎదురుగా ఎనిమిదిమంది పృచ్ఛకులు కూర్చుంటారు. ఒకరు నిషిద్ధాక్షరి, ఒకరు సమస్య, ఒకరు దత్తపది ఇస్తారు. అప్రస్తుత ప్రసంగి పని అవధానాన్ని దొంగిలించడమే. అవధాని అతనికి నవ్వుతూ బదులిస్తాడు, మళ్లీ విడిచిన పాదం దగ్గరికే వస్తాడు. చివరకు ధారణలో పద్యాలన్నీ అప్పగిస్తాడు. ఆయన అవధానం చలించలేదని కాదు. చలించినదానికి తిరిగివచ్చే చోటు ఉన్నది. జనగామ జిల్లా బమ్మెరలో పుట్టిన పోతనామాత్యుడు హాలికుడై భాగవతాన్ని తెలిగించాడని లోకప్రతీతి. నాగలి పట్టిన చేయి, గంటం పట్టిన చేయి ఒకటే. పని మారినప్పుడల్లా స్వామి మారలేదు. ఇక్కడ దోషం మూషకానిది కాదు. తిరిగి చేరవలసిన చోటు లేకపోవడమే దోషం.

ఒకే చోట రెండింటిని నిలిపి, అవధానానికి క్రమం నేర్పే క్షేత్రం ఈ ప్రాంతంలోనే ఉన్నది. భూపాలపల్లి జిల్లాలో గోదావరీ ప్రాణహితల సంగమాన వెలసిన కాళేశ్వరంలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలున్నాయి. ఒకటి కాళేశ్వరుడు, యమస్వరూపం. మరొకటి ముక్తీశ్వరుడు, శివుడు. ముక్తీశ్వరుని దర్శించినవారందరూ ముక్తులై పోతూ ఉంటే యమునికి పని లేకపోయిందనీ, శివుడు కరుణించి తన పక్కనే అతనికి స్థానమిచ్చి, ముందు అతనిని అర్చించాలని విధించాడనీ స్థలపురాణం. రెండూ కన్నుల ఎదుటే ఉన్నా, అర్చన ఒకదాని తరువాత ఒకటిగానే సాగుతుంది. మృత్యువును ఎదుట చూసినవాడి మనస్సే ముక్తి మీద నిలుస్తుంది. దారిలో ఉన్నదానిని చూడనట్టు దాటబోతే అది పట్టుకుంటుంది. దానికి దక్కవలసిన గౌరవమిచ్చి దాటితే దారి ఇస్తుంది.

ఇప్పుడు వేదాంత దృష్టితో ఒక్క అడుగు ముందుకు. పై పట్టీలో ఆజ్ఞలు మారుతాయి. జాగ్రత్తులో ఒక వరుస, స్వప్నంలో మరొక వరుస. తండ్రిగా ఉన్నప్పుడు ఒక అధికారం, ఉద్యోగిగా ఉన్నప్పుడు వేరొకటి. ఏ గవాక్షానికి అవధానం ఉంటే ఆ పేరే 'నేను' అని పట్టీ మీద వెలుగుతుంది. కాని తెరను చూస్తున్నవాడు ఏ గవాక్షంలోనూ లేడు. అతని పేరు ఏ పట్టీలోనూ వ్రాయబడదు. గవాక్షాలన్నీ మూసినా అతడు మూతపడడు. అవధానం మారుతున్నదని తెలుసుకొనేది అవధానం కాదు, దానికి సాక్షి. ఆ సాక్షిని కొత్తగా తెరవనక్కరలేదు, అతడు తెరిచేవాడు.

ఆ చోటికి చేరే లోపల సాధకుడికి చిన్న నియమం చాలు. ఉదయం దీపం వెలిగించిన తరువాత, జపమాల చేతికి తీసుకొనే ముందు, మూడు శ్వాసల కాలం ఆగాలి. ఈ కూర్చోవడం దేనికోసమో మనస్సులో స్పష్టంగా ఒకసారి చెప్పుకోవాలి. నడుమ ఫోను మోగవచ్చు, వీధిలో బండి ఆగవచ్చు, బిడ్డ పిలవవచ్చు. వెళ్లవలసి వస్తే వెళ్లాలి, అది ధర్మమే. కాని వచ్చి కూర్చున్న తరువాత చేతిలోని పూస వెంటనే కదలరాదు. మళ్లీ మూడు శ్వాసలు, మళ్లీ ఆ పేరు, మళ్లీ 'ఇక్కడ' అన్న నిశ్చయం. ఆ తరువాత కదిలిన ప్రతి పూస చేరవలసిన చోటికే చేరుతుంది.

స్వస్తి.